మోకాలి లోతు మంచు

నేను మంచు అమ్ముకుని బతికే మనిషిని. చేత్తో ముట్టుకున్నది మాత్రం పాత ఫ్రిజ్జు గోడలకు పట్టిన మంచునే. దోహాలో, అల్ సద్‌లో, ఒక ట్రావెల్ ఆఫీసులో పదకొండేళ్ళుగా పనిచేస్తున్నాను. చలికాలం టూర్లన్నీ నా బల్ల మీదికే వస్తాయి. బయట పది అడుగులు వేస్తే చొక్కా వీపుకు అంటుకునే అక్టోబరులో నేను జార్జియా కొండల మీద మంచు ఎప్పుడు పడుతుందో, స్కీ రిసార్టులు ఏ వారం తెరుస్తారో చూసుకుంటూ కూర్చుంటాను. జార్జియా ఇక్కడి నుంచి మూడు మూడున్నర గంటల విమానం. కాళ్ళకు పొడుగాటి బద్దలు బిగించుకుని మంచు వాలు మీద జారడానికి ఇక్కడి కుటుంబాలు ఏటా వెళ్తుంటాయి. మా ఊరివాళ్ళ దృష్టిలో మాత్రం నేను 'దుబాయ్‌ల టికెట్లు కొట్టేటాయన'ని. ఖతర్ అని చెప్పీ చెప్పీ విసుగొచ్చి మానేశాను.

ఈ వ్యాపారంలో నాకు నిద్ర పట్టనివ్వనివి సీజను మొదటి రోజులు. జనవరిలో మంచు ఎవడైనా అమ్మగలడు. డిసెంబరులో, అదీ రిసార్టు తెరిచే రోజుకే కావాలంటే, అప్పుడు చూడాలి మా మొహాలు. తొలి మంచును నమ్మడానికి లేదు. నేల ఇంకా వెచ్చగా ఉంటుంది కాబట్టి పడింది పడినట్టే కరిగిపోతుంది. ఒక్క రోజు గాలి వీస్తే ఈ పక్కది ఆ పక్కకు ఊడ్చుకుపోతుంది. కొండ నెత్తి తెల్లగా మెరుస్తుంటే కింద పాదం దగ్గర గడ్డి కనిపిస్తుంటుంది. మంచు చేసే మిషన్లు ఉన్నాయి గాని వాటికీ గడ్డకట్టే చలి ఉంటేనే పని. ఇక రిసార్టువాళ్ళు వెబ్‌సైటులో పెట్టే ఫోటో పోయిన ఫిబ్రవరిది. వాళ్ళ కెమెరా ఎప్పుడు చూసినా కొండ నెత్తినే చూపిస్తుంది. వాళ్ళ రిపోర్టులను నేను పెళ్ళిసంబంధాల పేరయ్య మాటల్లాగే వింటాను.

అందుకని నాకొక సొంత ఏర్పాటు ఉండేది. బిర్కత్ అల్ అవామిర్‌లో లేబర్ క్యాంపులో ఉన్న రోజుల్లో నా పైమంచం మీద పడుకున్న మనిషి ఒకడున్నాడు. మాది జగిత్యాల వైపు, అతనిది మాకు నాలుగు కిలోమీటర్ల అవతలి ఊరు. నాకంటే ఆరేళ్ళు చిన్న, ఇద్దరు పిల్లల తండ్రి. నన్ను అన్నా అంటాడు, నేను తమ్మీ అంటాను. ఇక్కడ సైటు పని అయిపోయి కంపెనీ అందరినీ పంపేస్తే అతను ఎవరో ఏజెంటును పట్టుకుని జార్జియా వెళ్ళాడు. వెళ్ళింది నేను అమ్మే ఆ కొండమీది ఊరికే, మేము గదులు తీసుకునే హోటలుకే. అక్కడ వంటగదిలో గిన్నెలు కడుగుతాడు, చలికాలం మంచు ఎత్తిపోస్తాడు. ఆ సంగతి తెలిసినరోజు నాకు లాటరీ తగిలినట్టయింది.

సెంటీమీటర్ల గొడవ మా ఇద్దరికీ లేదు. మా వైపు వాగు దాటేటప్పుడు నీళ్ళు ఎంత ఉన్నాయని అడిగితే ఎవరూ కొలత చెప్పరు. మడిమె లోతు, పిక్క లోతు, మోకాలి లోతు, నడుము లోతు. అంతే. మంచునూ అట్లాగే అడిగేవాణ్ణి. తమ్మీ, కాలు పెట్టి చూపించు అనేవాణ్ణి. అతను రబ్బరు బూటు మంచులో దింపి వీడియో తీసి పంపేవాడు. పిక్క దాటితే నేను బుకింగు ఖాయం చేసేవాణ్ణి. రెండు చలికాలాలు ఒక్కసారి కూడా తప్పలేదు. కస్టమర్లకు కూడా ఈ కొలత నచ్చింది. నా బల్ల ముందు కూర్చున్న ఖతరీలు తమ మోకాలు తట్టుకుని నవ్వేవాళ్ళు. నాకు కొంచెం తలకెక్కిందని ఒప్పుకుంటాను. మా మేనేజరు రిసార్టు రిపోర్టు చదివి వినిపిస్తుంటే, "కాగితం చూసి చెప్పేది నువ్వు, కాలు పెట్టి చెప్పేది నా మనిషి" అని నలుగురి ముందూ అన్నాను ఒకసారి.

మూడో ఏడు నవంబరులో ఒక పెద్దమనిషి వచ్చాడు. ఆయనవీ ఆయన అన్నదమ్ములవీ మూడు కుటుంబాలు, పిల్లలతో కలిపి పద్నాలుగు మంది. డిసెంబరు నడుమ జాతీయ దినం సెలవులు కలిసొస్తాయి, రిసార్టు తెరిచే రోజు కూడా అప్పుడే. పిల్లలు ఆ మొదటిరోజే జారాలని పట్టుబట్టారట. అంతకుముందు ఏడు ఇంకో ఆఫీసువాళ్ళు వాళ్ళను ఇంకో దేశానికి ఇట్లాగే పంపితే అక్కడ బురద తప్ప ఏమీ లేదట. మా ఆఫీసుకు సగం పని ఆ ఇంటివాళ్ళ కంపెనీల నుంచే వస్తుంది. ఆయన నెమ్మదిగా, చిన్నపిల్లలకు చెప్పినట్టు, సగం హిందీ సగం అరబ్బీలో నాకు చెప్పాడు. "మంచు మాఫీ అయితే, నువ్వు కూడా మాఫీ."

మంచు లేకపోతే నువ్వూ ఉండవని. పక్కనే నిలబడ్డ మా మేనేజరు నవ్వలేదు. ఆయన వెళ్ళాక నా దగ్గరికి వచ్చి, "ఆయన మాటంటే మాటే. ఇది తేడా వస్తే నేను నిన్ను కాపాడలేను" అన్నాడు.

నాకు భయం వేసింది. నా ఒక్కడి సంగతైతే అంత లెక్కచేసేవాణ్ణి కాదు. నా భార్యా, కూతురూ నా వీసా మీద ఇక్కడ ఉన్నారు. అమ్మాయి ఆ ఏడు పదో తరగతి. ఫిబ్రవరిలో బోర్డు పరీక్షలు. ఉద్యోగం పోతే ఇంకోటి దొరకవచ్చు, కాని ఫిబ్రవరి లోపు దొరుకుతుందని ఎవరు చెప్పగలరు? దొరక్కపోతే ముగ్గురం మూటాముల్లె సర్దుకోవాలి, దాని ఏడాది గంగలో కలిసిపోతుంది. అది చదివే చదువు కూడా అట్లాంటిది. గోడ నిండా సూత్రాలు రాసిన కాగితాలు అంటించుకుని, అన్నం తినేటప్పుడు కూడా వాటినే చూస్తుండేది.

హోటలువాళ్ళు తేదీలు మార్చుకోవడానికి ఒక గురువారం మధ్యాహ్నం దాకా గడువిచ్చారు. ఆ తర్వాత మారిస్తే ఒప్పుకోరు. ఆ ముందురోజు, బుధవారం, రిసార్టు రిపోర్టులో పైన కొంచెం మంచు ఉందనీ, కింద ఇంకా చూడాలనీ రాశారు. మేనేజరు ఆ కాగితం నా బల్ల మీద పెట్టి, ఒక పదిహేను రోజులు వెనక్కి జరుపుదామా అన్నాడు. నేను తమ్మికి ఫోన్ చేశాను.

"తమ్మీ, మంచు ఎట్లున్నది?"

"మస్తున్నదే అన్నా. మోకాలి లోతు ఉన్నది."

"నిజంగనా?"

"అబద్ధమెందుకు చెప్త? మూడు రోజుల కింద దంచి కొట్టింది."

"కాలు పెట్టి చూపించు."

పది నిమిషాల్లో వీడియో వచ్చింది. నల్ల రబ్బరు బూటు, నీలం ప్యాంటు, మోకాలి దాకా తెల్లటి మంచు. వెనక నుంచి అతని నవ్వు. నేను దాన్ని ఆ పెద్దమనిషికి పంపి, కింద 'మోకాలి దాకా' అని రాశాను. ఆయన బొటనవేలి బొమ్మ ఒకటి తిరిగి పంపాడు. గురువారం మధ్యాహ్నం గడిచిపోయింది. మేనేజరు తన కాగితం తాను తీసుకుపోయాడు. నేను అతని మొహం వైపు చూసి కొంచెం నవ్వానేమో.

శనివారం సాయంత్రం తమ్మి తనంతట తానే వీడియో కాల్ చేశాడు. ఊళ్ళో వాళ్ళ అమ్మకు కళ్ళ ఆపరేషన్ బాగా జరిగిందని చెప్పడానికి. చెత్తసంచి ఒక చేత్తో మోసుకుంటూ, ఫోను ఇంకో చేత్తో పట్టుకుని నడుస్తున్నాడు. హోటలు మూల తిరిగాడు. అతని భుజం వెనక ఒక వాలు కనిపించింది. గోధుమరంగులో, గడ్డితో, అక్కడక్కడ ఆరేసిన దుప్పట్లలాగా తెల్లటి మరకలతో.

"తమ్మీ, గదేంది వెనుక?"

"కొండ అన్నా."

"మంచేది మరి?"

"ఇంకా సరిగ్గ పడలే కదా. మొన్న పడ్డదంతా ఎండకు కరిగింది."

"మోకాలి లోతు అంటివి గదా?"

"ఉన్నది కదా అన్నా, మా దర్వాజ కాడ. పార్కింగుల పడ్డదంత ఎత్తి గోడ పొంటి మేమే పోసినం. నీడకు అట్లనే ఉన్నది. నడుములు పోయినయ్ ఎత్తలేక." అతను ఫోను తిప్పి చూపించాడు. వంటగది వెనక తలుపు, దాని పక్కన గోడకు ఆనించి పెద్ద మంచు కుప్ప. అందులో అతని బూటు దిగిన గుంటలు ఇంకా ఉన్నాయి.

నేను అరిచాను. రెండేళ్ళ సంది గాడ ఉండి కొండెక్కడుందో నీకు తెల్వదా అని, నిన్ను నమ్ముకున్నందుకు నన్ను చెప్పుతో కొట్టుకోవాలని, నోటికి ఏదొస్తే అది అన్నాను. అతను చెత్తసంచి కింద పెట్టి నిలబడి అంతా విన్నాడు.

"జారేటోళ్ళ దిక్కు మమ్మల్ని పోనియ్యరే అన్నా," అన్నాడు. "కిచెను, ఈ దర్వాజ, మా రూము. గంతే. నేను ఆ కొండ మీద కాలు గూడ పెట్టలే. నువ్వు కాలు చూపియ్యమంటే ఉన్నకాడ చూపించిన."

ముందు రెండు చలికాలాలు మంచు త్వరగా, అంతటా పడింది. అందుకే అతని గుమ్మం దగ్గరి లోతూ కొండ మీది లోతూ ఒకటే అయ్యాయి, నేను మహా తెలివైనవాణ్ణి అనుకున్నాను. నేనూ క్యాంపు నుంచి సైటుకు, సైటు నుంచి క్యాంపుకు కంపెనీ బస్సులో తిరిగినవాణ్ణే. ఆ మూడేళ్ళలో సముద్రం ఒడ్డు ఒకే ఒక్కసారి చూశాను. పనివాణ్ణి ఎంతవరకు తిరగనిస్తారో నాకు తెలియనిది కాదు. అతను ఎక్కడ నిలబడి చెప్తున్నాడో అడగాలని తోచలేదు, అంతే. తప్పు నాదే. ఆ మాట అప్పుడు అతనితో అనలేదు. ఫోను పెట్టేశాను.

ప్రయాణం ఆ వచ్చే గురువారం. ఆ ఆదివారం, సోమవారం నేను బతికిన బతుకు పగవాడికి కూడా వద్దు. గంటకోసారి వాతావరణం చూసేవాణ్ణి. ఒక సైటు మంచు పడుతుందనేది, ఇంకోటి వాన అనేది, మూడోదాంట్లో ఎర్రటి ఎండ బొమ్మ ఉండేది. పెద్దమనిషికి ఫోన్ చేసి నిజం చెప్దామని మూడుసార్లు నంబరు తీశాను. ఒక్క రాత్రి గట్టిగా కురిస్తే చాలు కదా అనుకుని మూడుసార్లూ మూసేశాను. నా భార్యకు చెప్పాను. ఆమె "మనమే ముందుగాల చెప్తే కొంచెమన్న ఇజ్జత్ మిగుల్తది" అంది. నేను ఆమె మీద కూడా అరిచాను. లోపలి గదిలో అమ్మాయి పైకి చదవడం ఆపేసింది.

మంగళవారం పొద్దున రిసార్టువాళ్ళు ప్రకటన పెట్టారు. తగినంత మంచు లేనందువల్ల సీజను ప్రారంభం వాయిదా. తెరిచే తేదీ తర్వాత చెప్తారట.

మధ్యాహ్నం మూడింటికి పెద్దమనిషి ఆఫీసుకు వచ్చాడు. అరవలేదు. అరిచినా బాగుండేది. నా బల్ల ముందు కూర్చుని, తన ఫోనులో నేను పంపిన వీడియో తెరిచి నా ముందు పెట్టాడు. నల్ల బూటు మంచులో దిగింది, మళ్ళీ దిగింది.

"ఇది ఎక్కడ?" అన్నాడు.

నీళ్ళు నమలడం నాకు చేతకాలేదు. "హోటల్ వంటగది వెనక. ఎత్తిపోసిన కుప్ప" అన్నాను.

ఆయన ఫోను జేబులో పెట్టుకున్నాడు. తర్వాత మా మేనేజరు వైపు తిరిగాడు. "మా పిల్లలు పెట్టెలు సర్దుకుని కూర్చున్నారు. పోయిన ఏడూ ఇదే. వాళ్ళకు నేను ఏం చెప్పాలి?"

మేనేజరుకు బుర్ర చురుకు. నన్ను పక్కకు పిలిచి తలుపు దగ్గరికి వేశాడు.

"ఆ వీడియో తీసింది ఎవరు?"

"హోటల్లో పనిచేసే మనిషి."

"హోటల్ మనిషి, హోటల్ ఆవరణలో తీసి పంపాడు. మనం నమ్మాం. మరి తప్పు మనదెట్లా అవుతుంది? వీడియో, అతని పేరు, నాకు పంపు. హోటలుకు రాస్తాను. మీ స్టాఫే మంచుందని చెప్పారు కదా అంటే తేదీలు మార్చక చస్తారా?"

"నేనే కాలు చూపించమన్నాను" అన్నాను. నిజంగానే అన్నాను. ఆ ఒక్క మాట అన్నందుకు నన్ను నేను చాలా రోజులు ఓదార్చుకున్నాను.

"అది వాళ్ళకు తెలియనక్కర్లేదు," అన్నాడు మేనేజరు. "లేదంటే నీ మాట మీద నువ్వే నిలబడు. ఆయనకు నేను నిన్ను చూపిస్తాను. నీ ఇష్టం. హోటలువాళ్ళ బుకింగ్ ఆఫీసు ఐదింటికి మూసేస్తారు."

తలుపు అద్దంలోంచి పెద్దమనిషి కనిపిస్తున్నాడు. ఆయన ముందు పెట్టిన చాయ్ ముట్టుకోలేదు. నేను ఫోను చేతిలో పట్టుకుని నిలబడ్డాను. తమ్మి పేరు చెప్తే ఏమవుతుందో తెలియనంత అమాయకుణ్ణి కాను. క్యాంపుల్లో బతికినవాణ్ణి, పనివాడి పేరు ఆఫీసు కాగితం మీదికి ఎక్కితే ఏమవుతుందో కళ్ళారా చూసినవాణ్ణి. అతనికీ ఇద్దరు పిల్లలున్నారని నాకు తెలుసు. వాళ్ళ పేర్లూ తెలుసు. కాని ఆ క్షణంలో నా కళ్ళ ముందు నిలిచింది మా గోడ మీద అంటించిన కాగితాలే. తండ్రిని కదా అనుకున్నాను. అది సాకు అని అప్పుడే తెలుసు.

వీడియో మీద వేలు పెట్టి నొక్కిపట్టాను. బాణం గుర్తు వచ్చింది. మేనేజరు నంబరుకు పంపాను. కింద అతని పేరు టైపు చేశాను, ఇంటిపేరుతో సహా, హోటలువాళ్ళు పోల్చుకోవడానికి తేలిగ్గా ఉంటుందని.

గంటలోపు జవాబు వచ్చింది. హోటలువాళ్ళు చాలా మర్యాదగా రాశారు. తమ సిబ్బంది వల్ల అసౌకర్యం కలిగినందుకు చింతిస్తున్నామనీ, జనవరిలో మీకు అనుకూలమైన తేదీలు ఇస్తామనీ, ఈ విషయం తమ దృష్టికి తెచ్చినందుకు కృతజ్ఞతలనీ. పెద్దమనిషి చదివి, తలూపి, ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని లేచాడు. "ఖలాస్" అన్నాడు. అయిపోయిందని. మేనేజరు నాకోసం కింద నుంచి కరక్ చాయ్ తెప్పించాడు. నేను తాగాను.

ఇంటికి వెళ్ళగానే నా భార్య తలుపు దగ్గరే నిలబడి, "ఏమైంది?" అంది.

"తేదీలు మార్చిండ్రు. భయం లేదు."

ఆమె కళ్ళు తుడుచుకుని నవ్వింది. ఎట్లా మార్చారని అడగలేదు, నేనూ చెప్పలేదు. ఈ రోజు దాకా చెప్పలేదు. అమ్మాయి ఫిబ్రవరిలో పరీక్షలు రాసింది, బాగా రాసింది. జనవరిలో ఆ కుటుంబాలు వెళ్ళి వచ్చాయి, పిల్లలు నడుము లోతు మంచులో నిలబడి తీయించుకున్న ఫోటోలు పంపారు.

కాని అవన్నీ తర్వాత. వీడియో పంపిన రెండు రోజులకు, గురువారం మధ్యాహ్నం, నేను ముషైరిబ్‌లో మెట్రో దిగి నడుస్తుంటే తమ్మి ఫోన్ చేశాడు. ఎత్తకూడదనుకున్నాను. ఎత్తాను.

"అన్నా, నన్ను తీసేసిండ్రే."

నేను ఉన్నచోటే ఆగాను.

"ఎవడో మన వీడియో హోటలోళ్ళకు పంపిండట. నా పేరు గూడ చెప్పిండట. ఎవడో ఏమో, గా దిక్కు కస్టమరే అయివుంటడు. నీ నౌకరికేం కాలే కదా అన్నా? నాకు గదే భయమున్నది. నువ్వు మొన్న అట్ల మొత్తుకునేసరికి నాకు రెండు రోజులు అన్నం పోలే."

"నాకేం కాలే తమ్మీ" అన్నాను.

"మంచిదాయె. బిడ్డ పరీక్షలున్నయంటివి." అటువైపు సంచి జిప్పు లాగిన చప్పుడు వినిపించింది. సర్దుకుంటున్నట్టున్నాడు. "ఇగ మంచు సంగతి చెప్పెటందుకు నేను ఉండ గద. నీకు కష్టమైతది. మా కాడనే పక్క హోటల్ల మన నిర్మల్ దిక్కాయన ఒకడున్నడు, మంచోడు. ఆయనను కొండ మీదికి గూడ పోనిస్తరు. నీ గురించి చెప్పిన. నంబరిస్త, రాసుకుంటవా?"

ముషైరిబ్ స్టేషను బయట, ఎండలో, జనం నన్ను తప్పుకుని పోతున్నారు. నేను జేబులోంచి పెన్ను తీశాను. అతను ఒక్కో అంకె నిదానంగా, రెండేసిసార్లు చెప్పాడు. నేను రాసుకున్నాను.